ఘానాకు స్వాతంత్ర్యం తెచ్చింది ఒక్కడా, ఆరుగురా, ఇంకెవరైనానా?

తేమా_తెలుగోడు
నాలుగేళ్ళుగా ఘానాలోని తేమా రేవుపట్నంలో ఒక కర్మాగారంలో లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. ఏటా ఆగస్టు వచ్చిందంటే మా భోజనాల గదిలో ఒకటే గొడవ. దేశ తొలి ప్రధాని క్వామే ఎన్‌క్రుమా పుట్టినరోజైన సెప్టెంబరు 21ని 2009లో ఫౌండర్స్ డేగా ప్రకటించారు. 2019లో ప్రభుత్వం ఆ పండుగను ఆగస్టు 4కు జరిపి, సెప్టెంబరు 21ని ఎన్‌క్రుమా స్మారక దినంగా మాత్రమే ఉంచింది. ప్రభుత్వం మారాక 2025లో మళ్ళీ సెప్టెంబరు 21నే ఖాయం చేశారు. నోటితో పలికితే రెండూ ఫౌండర్స్ డేనే, కాగితం మీద మాత్రం అపాస్ట్రఫీ ఎస్ అక్షరానికి ముందుంటే ఒక్క స్థాపకుడు, తరువాత ఉంటే పలువురు స్థాపకులు. సెలవుల పట్టిక తయారు చేసేది నేనే కాబట్టి ఆ చుక్క ఎక్కడ పెట్టినా సగం మందికి కోపం వస్తోంది. మా స్టోర్ కీపరూ, ఎలక్ట్రీషియనూ ఈ విషయం మీద రెండు వారాలు మాట్లాడుకోలేదంటే నమ్మండి. ఇంతకీ ఆ దేశానికి స్వాతంత్ర్యం తెచ్చింది ఎవరు? చదివినవాళ్ళు చెప్పగలరు.

పోటీ_పరీక్ష
ఇందులో తేల్చడానికి ఏముంది? గోల్డ్ కోస్ట్ అనే బ్రిటిష్ వలస 1957 మార్చి 6న ఘానా అయింది, సహారాకు దక్షిణాన బ్రిటిష్ ఆఫ్రికన్ వలసల్లో విముక్తి పొందిన మొదటిది అదే, నాయకుడు ఎన్‌క్రుమా, అధికార మార్పిడి శాంతియుతంగా జరిగింది. నా నోట్సులో ఉన్నది ఈ నాలుగు ముక్కలే, మార్కులు కూడా వీటికే వస్తాయి.

పాత_పేజీలు
పోటీ_పరీక్ష గారి నాలుగు ముక్కల్లో చివరిదానితో నేను ఏకీభవించను. 1948 ఫిబ్రవరి 28న అక్రా నగరంలో మాజీ సైనికులు తమకు రావలసిన భృతి గురించి, ఉద్యోగాల గురించి గవర్నరుకు అర్జీ ఇవ్వడానికి ఊరేగింపుగా బయలుదేరారు. అనుమతించిన దారి విడిచి గవర్నరు నివాసమైన క్రిస్టియన్స్‌బోర్గ్ కోట వైపు తిరగగానే కూడలి దగ్గర పోలీసులు అడ్డగించారు. కాల్చమన్న ఆజ్ఞకు సిపాయిలు వెనకాడితే, ఇమ్రే అనే బ్రిటిష్ పోలీసు అధికారి తుపాకీ తీసుకుని తానే కాల్చాడు. సార్జెంట్ అజెటే, కార్పొరల్ అటిపో, ప్రైవేట్ ఒడార్టే లాంప్టే అక్కడికక్కడే పడిపోయారు. ఇంగ్లండు రాజు కోసం బర్మాలో పోరాడి ప్రాణాలతో తిరిగి వచ్చినవాళ్ళు, అర్జీ కాగితం పట్టుకుని నడుస్తూ సొంత ఊళ్ళో చచ్చిపోయారు.

ఆ రోజుకు ముందు నెల నుంచీ నీ క్వాబెనా బొన్నే అనే అక్రా పెద్ద నాయకత్వంలో విదేశీ దుకాణాల బహిష్కరణ నడుస్తోంది. ధరలు తగ్గిస్తామని కంపెనీలు ఒప్పుకోవడంతో సరిగ్గా అదే రోజున బహిష్కరణ ముగిసింది. సరుకు కొనడానికి బజారుకు వెళ్ళినవాళ్ళకు తాము ఆశించినంతగా ధరలు తగ్గలేదని తెలియడమూ, కూడలిలో కాల్పుల వార్త రావడమూ ఒకేసారి జరిగాయి. తరువాతి అల్లర్లలో మొత్తం 29 మంది చనిపోయారు. దీన్ని శాంతియుతం అంటే ఆ ముగ్గురి ఇళ్ళలో ఒప్పుకోరు.

గోదారి_గట్టు
అయితే స్థాపకుల పట్టికలో మొదటి పేరు ఆ తుపాకీ పట్టిన అధికారిదే పెట్టాలి. పదేళ్ళు మీటింగులు పెట్టినా రాని కదలిక ఒక్క పూటలో తెచ్చిపెట్టాడు.

మాజీ_సుబేదారు
హాస్యం బాగానే ఉంది కానీ ఆ సైనికుల గురించి ఒక మాట చెప్పాలి. గోల్డ్ కోస్ట్ నుంచి సుమారు 65,000 మంది రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశారు. బర్మా సరిహద్దులో అరకాన్ అడవుల్లో పోరాడిన 81, 82 పశ్చిమ ఆఫ్రికా డివిజన్లలో వాళ్ళున్నారు. మా తాతగారు అప్పట్లో చిట్టగాంగ్ వైపు సైన్యపు సరుకుల డిపోలో గుమస్తా. దారి లేని చోట ఆఫ్రికా దళాలవాళ్ళు మందుగుండు పెట్టెలను తలమీద పెట్టుకుని, చేతులు వదిలేసి, కొండ ఎక్కేవారని మాకు చాలాసార్లు చెప్పారు. వాళ్ళు మన దేశంలో ఉన్న రోజుల్లో ఇక్కడి సభలూ పత్రికలూ చూశారు, తెల్లదొరను ఎదిరించి మాట్లాడడం చూశారు. అందుకే ఊరికి వెళ్ళాక అర్జీ పట్టుకుని నడిచారని నేను అనుకుంటాను.

పాత_పేజీలు
మాజీ_సుబేదారు గారి ఊహకు చరిత్రకారుల మద్దతు ఉంది, అయితే భారతదేశాన్ని చూసి నేర్చుకున్నారు అనేంత వరకూ వెళ్ళకూడదు. గోల్డ్ కోస్ట్‌లో పత్రికలూ, వకీళ్ళూ, సంఘాలూ మనకంటే వెనకబడి ఏమీ లేవు. తీరప్రాంతపు ఫాంటే తెగ నాయకులు 1868లో సమాఖ్య ఏర్పరచుకుని, 1871లో మంకెసిమ్ అనే పట్టణంలో కూర్చుని రాజ్యాంగం రాసుకున్నారు. మన కాంగ్రెసు పుట్టింది 1885లో.

లెక్కల_మాస్టారు
పోటీ_పరీక్ష గారి పక్షాన కొన్ని అంకెలు. కాల్పుల తరువాత ఆరుగురు నాయకులను అరెస్టు చేశారు: ఎన్‌క్రుమా, డాంక్వా, ఒఫోరి-అట్టా, అకుఫో-అడ్డో, అకో అజే, ఒబెట్సెబి-లాంప్టే. బిగ్ సిక్స్ అని ఘానా వాళ్ళు అనేది వీరినే. ఎన్‌క్రుమాతో సహా ఆరుగురూ అప్పుడు ఉన్న యు.జి.సి.సి. అనే పార్టీ కోరింది సాధ్యమైనంత త్వరలో స్వపరిపాలన. ఎన్‌క్రుమా 1949 జూన్ 12న విడిపోయి సి.పి.పి. పెట్టి అడిగింది స్వపరిపాలన, ఇప్పుడే. 1950 జనవరిలో పాజిటివ్ యాక్షన్ పేరుతో సమ్మెలకు పిలుపునిచ్చి జైలుకు వెళ్ళాడు. 1951 ఫిబ్రవరి ఎన్నికల్లో జైలు గదిలో ఉండే పోటీ చేశాడు. ఏడాదికి మించి శిక్ష పడినవారు పోటీకి అనర్హులు, ఎన్‌క్రుమాకు పడిన మూడేళ్ళు ఏడాది చొప్పున మూడు వేర్వేరు శిక్షలు కావడంతో చట్టానికి దొరకలేదు. అక్రా సెంట్రల్‌లో పోలైన 23,122 ఓట్లలో 22,780 ఆయనవే. ప్రజలు ఓటు వేసిన 38 స్థానాల్లో 34 సి.పి.పి. గెలిచింది. ఫిబ్రవరి 12న జైలు తలుపు తీసి నేరుగా ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నారు. నూటికి తొంభై ఎనిమిది ఓట్లు వచ్చినవాణ్ణి స్థాపకుడనక ఏమనాలి?

గోదారి_గట్టు
మా ఊరి సర్పంచి ఎన్నికలో ఇన్ని శాతం వస్తే రీకౌంటింగ్ అడుగుతాం.

తేమా_తెలుగోడు
లెక్కల మాస్టారు చెప్పిన జైలు సంగతి మా స్టోర్ కీపరు కూడా చెబుతుంటాడు. విడుదలైన కార్యకర్తలు తెల్ల గాంధీ టోపీ ఆకారపు టోపీ మీద పి.జి. అని రెండక్షరాలు కుట్టించుకునేవారట. ప్రిజన్ గ్రాడ్యుయేట్ అని అర్థం. లండన్‌లో చదివి వచ్చిన వకీళ్ళకు పట్టాలుంటే మాకు జైలు పట్టా ఉందని ఎగతాళి. స్వాతంత్ర్యం ప్రకటించిన అర్ధరాత్రి పాత పోలో మైదానంలో వేదిక మీద ఎన్‌క్రుమా ఆ టోపీతోనే, ఉత్తర ప్రాంతపు రైతులు వేసుకునే చారల చొక్కాతోనే నిలబడ్డాడు. సూటు వేసుకోలేదు.

సందేహాల_సుందరం
నాదొక అనుమానం. కెన్యాలో అంత రక్తపాతం జరిగింది, ఇక్కడ 1948లో కాల్పులు, 1951కల్లా జైలు నుంచి కుర్చీకి. ఒకే బ్రిటన్‌కు రెండు చోట్ల రెండు బుద్ధులు ఎందుకు? పైగా గగ్గిస్‌బర్గ్ అనే గవర్నరు 1919 నుంచి 1927 వరకూ ఉండి కోర్లే బూ ఆసుపత్రి, అచిమోటా కళాశాల, తకొరాడి రేవు కట్టించాడంటారు. ఇక్కడి దొరలు కాస్త మంచివాళ్ళని అనుకోవచ్చా?

పాత_పేజీలు
సుందరం గారి ప్రశ్నలో జవాబు నేలలో ఉంది, దొరల గుణంలో లేదు. కెన్యాలో తెల్లవాళ్ళు భూములు ఆక్రమించుకుని స్థిరపడ్డారు, వాళ్ళను కదిలించడానికి యుద్ధం కావలసి వచ్చింది. గోల్డ్ కోస్ట్‌లో ఆ పని జరగనివ్వలేదు. 1897లో ఖాళీ భూములన్నిటి మీదా ప్రభుత్వానికి అజమాయిషీ ఇచ్చే బిల్లు తెచ్చినప్పుడు కేప్ కోస్ట్ వకీళ్ళూ తెగల పెద్దలూ ఆదిమవాసుల హక్కుల రక్షణ సంఘం పెట్టారు. మరుసటి ఏడు లండన్ వెళ్ళి వలసల మంత్రి ముందు కూర్చుని బిల్లు ఉపసంహరింపజేశారు. ఆఫ్రికాలో మిగతా వలసల్లో రాచ పట్టాలు చూపి భూమి లాక్కుంటున్న రోజుల్లో ఇది చిన్న విజయం కాదు. ఆగస్టు 4న పండుగ కోరేవారి వాదన ఇక్కడే మొదలవుతుంది. ఆ సంఘం పుట్టినదీ, యాభై ఏళ్ళకు 1947లో సాల్ట్‌పాండ్‌లో యు.జి.సి.సి. పుట్టినదీ ఆగస్టు 4నే అని వాళ్ళు చూపిస్తారు.

ఇక గగ్గిస్‌బర్గ్ కట్టినవి మంచి కట్టడాలే, కాదనను. అయితే వాటికి డబ్బు ఆ వలస సొంత ఆదాయం నుంచీ, దాని పేరున తెచ్చిన అప్పుల నుంచీ వచ్చింది. ఆ ఆదాయంలో పెద్ద భాగం కోకో ఎగుమతి సుంకం. కట్టించినవాడి పేరు గోడ మీద ఉంటుంది, సుంకం కట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు.

గోదారి_గట్టు
1974లో ఘానా వాళ్ళు బ్రిటిష్ పద్ధతి వదిలేసి రోడ్డుకు కుడివైపు బండ్లు నడపడం మొదలుపెట్టింది కూడా ఆగస్టు 4నే. కాబట్టి ఆ రోజు డ్రైవర్ల దినం అని నా ప్రతిపాదన.

కుమాసి_కాపురం
పెళ్ళయి, అసాంటే రాజ్యపు పాత రాజధాని కుమాసి వచ్చి తొమ్మిదేళ్ళయింది. మీరందరూ అక్రా కథే చెబుతున్నారు. ఇక్కడ మా పక్కింటి పెద్దావిడను అడిగితే కథ 1957 దగ్గర మొదలవదు, 1874లో సాగ్రెంటీ కుమాసిని తగలబెట్టిన రోజు దగ్గర మొదలవుతుంది. సాగ్రెంటీ ఎవరా అనుకున్నాను చాలాకాలం. సర్ గార్నెట్ వూల్స్‌లీ అనే ఇంగ్లీషు సేనాని పేరు ఇక్కడి నాలుకల మీద అలా అయింది. 1896లో మళ్ళీ వచ్చి అసాంటే రాజు మొదటి ప్రెంపేను పట్టుకుపోయి చివరకు సేషెల్స్ దీవుల్లో పడేశారు.

1900 మార్చిలో గవర్నరు హాడ్జ్‌సన్ కుమాసిలో పెద్దలను పిలిచి, మీ బంగారు పీఠం ఎక్కడ, నేను కూర్చోవడానికి ఎందుకు తేలేదు అని అడిగాడు. బంగారు పీఠం సింహాసనం కాదు, దాని మీద రాజు కూడా కూర్చోడు. అది అసాంటే జాతి ప్రాణం, ఆకాశం నుంచి ఒకోంఫో అనోక్యే దింపాడని నమ్మకం. మూలవిరాట్టు మీద ఎక్కి కూర్చుంటానని కలెక్టరు గుడిలో అడిగితే మనకెలా ఉంటుందో ఊహించండి. మగవాళ్ళు తటపటాయిస్తుంటే ఎజిసు రాణీమాత యా అసాంటేవా ముందుకు వచ్చి యుద్ధం నడిపింది. గవర్నరు భార్యతో సహా కుమాసి కోటలో చిక్కుకుని, తరువాత ఎలాగో తప్పించుకుపోయాడు. యుద్ధం ఓడిపోయారు, ఆవిడను కూడా సేషెల్స్‌కు పంపారు, 1921లో అక్కడే పోయింది. పీఠం మాత్రం ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కనే లేదు. మా పక్కింటావిడకు స్థాపకుల పండుగ అంటే నవ్వు. మాకు దేశం ముందే ఉంది కదా, స్థాపించేదేమిటి అంటుంది.

గోదారి_గట్టు
అసాంటే అని రాసి మంచి పని చేశారు. పాత పద్ధతిలో అశాంతి రాజ్యం అని రాస్తే మా అబ్బాయి, అక్కడ ఎప్పుడూ గొడవలేనా నాన్నా అని అడిగాడు. సాగ్రెంటీ సంగతి బాగుంది, మన సీమలో మన్రో దొర మన్రోలప్ప అయినట్టే. కాకపోతే ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్నారు, ఈయన పేరు ఎవరూ పెట్టుకుని ఉండరు.

పోటీ_పరీక్ష
కుమాసి_కాపురం గారి కథ బాగుంది, కానీ 1900లో ఓడిపోయిన యుద్ధానికీ 1957కీ సంబంధం ఏమిటి? ఆ లెక్కన అసాంటే వాళ్ళు ఎన్‌క్రుమాకు అడ్డుపడ్డారు కదా? 1954లో నేషనల్ లిబరేషన్ మూవ్‌మెంట్ పెట్టి ఫెడరల్ రాజ్యాంగం కావాలని స్వాతంత్ర్యాన్ని ఆలస్యం చేసింది వాళ్ళే.

కుమాసి_కాపురం
ఆలస్యం జరిగింది నిజమే. ఎందుకో కూడా చెప్పండి మరి. ఆ ఉద్యమం పుట్టడానికి వెనక కోకో ధర ఉంది.

లెక్కల_మాస్టారు
ఆ ధర నేను చెబుతాను. 1954 ఆగస్టులో సి.పి.పి. ప్రభుత్వం రైతుకిచ్చే కోకో ధరను నాలుగేళ్ళ పాటు లోడుకు 72 షిల్లింగులుగా బిగించింది. లోడు అంటే 60 పౌన్ల బరువు. ఇంగ్లీషు టన్నుకు 2,240 పౌన్లు, అంటే 37 లోడ్ల పైన ఒక మూడోవంతు. దాన్ని 72తో గుణిస్తే 2,688 షిల్లింగులు, అంటే టన్నుకు 134 పౌండ్ల 8 షిల్లింగులు. లండన్ బజారులో అప్పుడు దానికి రెట్టింపుకు మించి పలుకుతోంది. తేడా అంతా కోకో మార్కెటింగ్ బోర్డు దగ్గర, ప్రభుత్వం దగ్గర ఉండిపోయింది. మరుసటి నెలలోనే కుమాసిలో బఫూర్ ఒసే అకోటో ఉద్యమం ప్రారంభించాడు. ఇంతకు ముందు ఎన్‌క్రుమా వైపు మాట్లాడాను గానీ ఈ లెక్క చూశాక నా గొంతు కాస్త తగ్గింది.

కుమాసి_కాపురం
ధన్యవాదాలు మాస్టారూ. మా వారి ఫోర్‌మన్ తాతది బెక్వాయ్ దగ్గర తోట. 1940లలో వాపు తెగులు వచ్చిందని ప్రభుత్వ మనుషులు వచ్చి చెట్లకు సున్నం గుర్తు పెట్టి నరికేవారట. ఆకు పచ్చగానే ఉంది, కాయ కాస్తూనే ఉంది, ఐనా నరికారు. తెగులు నిజమే, నరకడం తప్ప మందు లేకపోవడమూ నిజమే, కానీ ఆ మాట వాళ్ళ భాషలో కూర్చుని చెప్పినవాడు లేడు. ముసలాయన మొద్దుల మీద కూర్చుని అన్నం తినకుండా రెండు రోజులున్నాడని ఆ ఫోర్‌మన్ ఇప్పటికీ చెబుతాడు. 1951లో సి.పి.పి.కి ఓటు వేసింది చెట్లు నరకడం ఆపుతారని, 1956లో వ్యతిరేకంగా వేసింది 72 షిల్లింగుల కోసం. ఒకే మనిషి, ఒకే తోట.

పాత_పేజీలు
ఈ చర్చలో నాకు అన్నిటికంటే విలువైన పోస్టు ఇదే. గోల్డ్ కోస్ట్ కోకో తోటలు తెల్లవాడివి కావు, ఆఫ్రికా రైతులవి. 1879లో టెటే క్వాషీ అనే కమ్మరి ఫెర్నాండో పో దీవి నుంచి గింజలు తెచ్చి మాంపాంగ్‌లో నాటాడు. 1911 వచ్చేసరికి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కోకో పండించేది గోల్డ్ కోస్టే. 1937లో యూరప్ కంపెనీలు కుమ్మక్కై ధర తొక్కితే రైతులు గింజ అమ్మకుండా నెలల తరబడి బిగబట్టారు, లండన్ నుంచి విచారణ సంఘం రావలసి వచ్చింది. బ్రిటన్ 1948 తరువాత తొందరగా దిగిరావడానికి ఈ పంట తెచ్చే డాలర్లను కాపాడుకోవాలన్న ఆత్రం కూడా కారణమేనని నా అభిప్రాయం. స్వాతంత్ర్యం నాటికి దేశం చేతిలో సుమారు 20 కోట్ల పౌండ్ల నిల్వలున్నాయి. ఆ నిల్వలు లోడు లోడుకూ రైతుకు తగ్గించి ఇచ్చిన షిల్లింగులు.

పోటీ_పరీక్ష
రైతుకు పూర్తి ధర ఇచ్చేస్తే బడులూ, రోడ్లూ, తేమా రేవూ, అకోసోంబో ఆనకట్టా దేనితో కట్టేవారు? కొత్త దేశానికి పెట్టుబడి ఎక్కడినుంచో రావాలి. తేమా_తెలుగోడు గారు జీతం తీసుకుంటున్న ఊరే ఎన్‌క్రుమా కట్టించినది. 1956 జులైలో ఇదే ప్రశ్న మీద మళ్ళీ ఎన్నిక జరిగితే 104 స్థానాల్లో 71 ఆయనకే వచ్చాయి.

కుమాసి_కాపురం
అసాంటేలోని 21 స్థానాల్లో ఎన్ని వచ్చాయో కూడా రాయండి.

లెక్కల_మాస్టారు
ఎనిమిది.

విశాఖ_వాదన
ఇంతసేపూ 1957 వరకే ఆగిపోయారు. మరుసటి ఏడాదే, 1958లో, విచారణ లేకుండా నిర్బంధించే చట్టం తెచ్చారు. ఘానా అనే పేరును ప్రచారంలోకి తెచ్చిన డాంక్వాను ఆ చట్టం కిందే జైల్లో పెడితే 1965లో న్‌సావమ్ జైల్లోనే పోయాడు. బ్రిటిష్‌వాళ్ళు కలిపి అరెస్టు చేసిన ఆరుగురిలో ఒకరు ఇంకొకరి జైల్లో చనిపోయారన్నమాట. 1966 ఫిబ్రవరి 24న ఎన్‌క్రుమా హనోయి ప్రయాణంలో ఉండగా సైన్యం దింపేసింది, 1972లో బుఖారెస్ట్‌లో మరణించాడు. ఒక్క స్థాపకుడనే మాటకు డాంక్వా కుటుంబాలవాళ్ళు ఎందుకు మండిపడతారో దీన్నిబట్టి తెలుస్తుంది. 2019లో తేదీ మార్చిన అధ్యక్షుడు బిగ్ సిక్స్‌లోని అకుఫో-అడ్డో కుమారుడే అన్న సంగతి కూడా మరవకూడదు.

సందేహాల_సుందరం
అయితే ఇది చరిత్ర తగాదా కాదు, దాయాదుల తగాదా అన్నమాట.

పాత_పేజీలు
రెండూనూ. ఆ ఒక్క కారణంతో ఆగస్టు 4 వాదనను కొట్టిపారేయలేం. 1897 నాటి భూముల పోరాటం నిజంగానే జరిగింది, తండ్రి పేరు చెప్పుకునేవాడు చెప్పినా అది నిజమే.

మాజీ_సుబేదారు
ఎన్‌క్రుమా గాంధీగారి మార్గాన్ని అనుసరించాడని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. మరి అక్రాలో గాంధీ విగ్రహాన్ని తీసేశారని చదివి బాధపడ్డాను.

తేమా_తెలుగోడు
నేను వచ్చేనాటికే తీసేశారు. లెగోన్‌లోని విశ్వవిద్యాలయంలో 2016 జూన్‌లో ప్రణబ్ ముఖర్జీ గారు ఆవిష్కరించారు, 2018 డిసెంబరులో తొలగించారు. గాంధీ దక్షిణాఫ్రికాలో తొలి రోజుల్లో నల్లజాతివారిని కించపరుస్తూ రాసిన మాటలను అధ్యాపకులు పిటిషనులో ఎత్తి చూపారు. మా ఎలక్ట్రీషియన్ అన్నది ఇది: ఎన్‌క్రుమా ఆయన దగ్గర అహింస తీసుకున్నాడు, మేము అహింసను ఉంచుకున్నాం, విగ్రహాన్ని తిప్పి ఇచ్చాం.

గోదారి_గట్టు
తిప్పి ఇవ్వడం అంటే గుర్తొచ్చింది. 1874లో కుమాసి నుంచి ఎత్తుకుపోయిన బంగారం సంగతి ఏమైంది?

కుమాసి_కాపురం
2024లో లండన్‌లోని రెండు మ్యూజియంలు కలిసి 32 వస్తువులను ఇక్కడి మన్హియా రాజభవన మ్యూజియంకు పంపాయి, మూడేళ్ళ అప్పుగా. మా వారూ నేనూ వెళ్ళి చూశాం. ఎదురుగా నిలబడ్డ ఒక పెద్దాయన అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు కదలలేదు. కింద చీటీలో ఎవరి సొత్తో, ఎవరు అప్పు ఇచ్చారో రాసి ఉంది, నేను ఆ భాగం చదవలేదు.

విశాఖ_వాదన
కొల్లూరు గనిలో పుట్టిన కోహినూరును మనకు మూడేళ్ళకు అప్పిచ్చినా గుంటూరు వెళ్ళి క్యూలో నిలబడతాను, సిగ్గేమీ లేదు.

తేమా_తెలుగోడు
అందరికీ కృతజ్ఞతలు. ఈ దారంలోని విషయాలు మా భోజనాల గదిలో ఇంగ్లీషులో చెప్పాను. స్టోర్ కీపరు లెక్కల మాస్టారి 98 శాతాన్ని పట్టుకున్నాడు, ఎలక్ట్రీషియన్ న్‌సావమ్ జైలును పట్టుకున్నాడు, ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకుంటున్నారు, అంటే అరుచుకుంటున్నారు. ఇంతలో ఎప్పుడూ నోరు విప్పని మా వాచ్‌మన్, సెలవు ఏ రోజున పెట్టినా తనకు ఆ రోజు డ్యూటీయే కాబట్టి రెట్టింపు కూలి పట్టికలో రాశానో లేదో చూసుకోమన్నాడు. చూస్తే రాయలేదు. దిద్దాను.

లెక్కల_మాస్టారు
మార్చి 6 మీద కూడా ఏమైనా తగాదా ఉందా?

తేమా_తెలుగోడు
దాని మీద ఎవరికీ లేదు. ఫాంటే పెద్దలు తమ న్యాయవిచారణలో బ్రిటిష్‌వాళ్ళకు చోటిస్తూ బాండు మీద సంతకాలు పెట్టింది 1844 మార్చి 6న. నూట పదమూడేళ్ళకు అదే తేదీన జెండా దించారు. ఆ రోజు కూడా వాచ్‌మన్‌కు డ్యూటీయే, ఈసారి ముందే రాసి పెట్టాను.